జెడ్, ఆరు అంటే రణ్

నాలుగింటికి పిలుస్తామన్నారు, ఇప్పుడు మూడు, ఈ గంటసేపూ ఈ బల్ల మీద కూర్చుని నేను తేల్చుకుంటానని పరేశ్ భాయ్ అనుకుంటున్నాడు. తేల్చుకోవడానికి ఏముంది. కాగితం చేతిలో పెట్టినప్పుడే తేలిపోయింది. "సదరు సీడీలోని వివరాలు చదవడానికి వీలుగా లేవని, వాటిని టైపు చేసిన నేను ఒప్పుకుంటున్నాను." కింద నా పేరు, పక్కన చుక్కల గీత, ఆ గీత మీద నేను సంతకం పెడితే అందులో ఉన్న నాలుగు వందల పన్నెండు కుటుంబాలు మా ఉప్పుటెడారి రణ్‌లో ఎప్పుడూ ఉప్పు పండించనట్టే. మడి హక్కు కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చట, ఇరవై ఏళ్ళ కిందటి రుజువులతో. నాలుగు నెలలు నీళ్ళ కింద ఉండే నేల మీద రుజువు ఎక్కడ దొరుకుతుంది, ఇంటి నంబరు ఉందా, గోడ ఉందా, మడి గట్లు సైతం ఏటేటా కొత్తగా వేసుకోవాల్సిందే కదా. "మీకెందుకు జశుబెన్ ఈ తలనొప్పి, ఒక్క సంతకం, టీ తాగి ఇంటికెళ్ళండి," అన్నాడు పరేశ్ భాయ్, మంచివాడే, గుమస్తాల్లో మంచివాడు, అందుకే ఒళ్ళు మండింది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. పైన ఫ్యాను మూడు చుట్లకోసారి మూలుగుతోంది. నీళ్ళ కూజాకి గ్లాసుని గొలుసుతో కట్టేశారు. గ్లాసుని కూడా నమ్మని కచేరీ ఇది.

పొద్దున కంప్యూటరు తెర నా వైపు తిప్పి చూపించాడు. "మీరే చెప్పండి, ఇది గుజరాతీయేనా?" ఇంగ్లీషు పెద్దక్షరాలు, మధ్యలో అంకెలు, బ్రాకెట్లు, సెమీకోలన్లు, బియ్యంలో రాళ్ళు పోసినట్టు. వి, యు, జెడ్. అతనికి రాళ్ళు. నాకు వేళ్ళు లేచాయి, ఒళ్ళో పెట్టుకున్న చేతిసంచీ మీద వాటంతట అవే కదిలాయి, వి, యు, జెడ్, అగర్, ఉప్పుమడి. దాని పక్కన జెడ్, ఆరు. రణ్. నేను పుట్టిన నేల ఆ తెర మీద జెడ్ పక్కన ఆరులా నిలబడి ఉంటే, ఇది ఏ భాషా కాదంటాడేమిటి. ఆ ఫాంటు ఈ కచేరీ యంత్రంలో లేదు, అంతే కదా, నా పెన్‌డ్రైవులో తెచ్చాను, వేసుకోండి అన్నాను. బయటి సరుకు లోపల పెట్టకూడదని రూల్ అన్నాడు. ఏదో మార్పిడి యంత్రంలో వేసి చూశాడట, మావాళ్ళ పేర్లన్నీ నోరు తిరగని కూతలయ్యాయట. అవుతాయి మరి. మా ఫాంటులో ఒత్తులన్నీ మా టైపింగ్ క్లాసులోనే తిరగరాసుకున్నాం, అది మా ఊరి ఫాంటు. అప్పట్లో ఇచ్చిన అచ్చు కాపీ ఏదంటే చెదలు తిన్నాయి అన్నాడు. నా దగ్గరి కాపీ భూకంపంలో యంత్రంతో సహా గోడ కింద పడింది. మిగిలింది వాళ్ళ బీరువాలోని ఆ సీడీ ఒక్కటే. "అది చచ్చిపోయిన ఫాంటు, జశుబెన్." చచ్చిపోయిందట. బస్టాండు పక్కన నా కొట్లో నిన్న సాయంత్రం కూడా మూడు పెళ్ళి కార్డులూ ఒక సంతాపసభ ప్రకటనా కొట్టాను దాంతోనే. చచ్చినవాళ్ళ పేర్లు కొట్టినా అది చావలేదు.

అక్షరాలు లేకుండా చదవడం మాకు కొత్తేం కాదు. మా నాన్న మడి దగ్గర నిలబడి చేతి అద్దాన్ని ఎండకి తిప్పేవాడు, మైలు దూరంలో మా మేనమామ మడి దగ్గర ఇంకో అద్దం మెరిసేది, రెండుసార్లు మెరిస్తే నీళ్ళ ట్యాంకరు వచ్చిందని, ఆపకుండా మెరిపిస్తే ఎవరికో బాగాలేదని. పట్నంవాడికి అది ఉత్త మెరుపు. ఎనిమిదో తరగతి అయ్యాక ఆ ఏడు దసరా వెళ్ళాక అందరూ మడులకు మూటలు కట్టుకుని ట్రాక్టరు ఎక్కుతుంటే నేను ఎక్కనన్నాను. అమ్మ చెయ్యెత్తింది. నాన్న ట్రాక్టరు మీంచి చూసి, "దాన్ని వదిలెయ్, ఒక్కరైనా నీడలో కూర్చుని పని చేయనీ," అన్నాడు. అలా అత్తయ్య ఇంట్లో మిగిలిపోయి, సైకిల్ షాపు మీద మేడ గదిలో మనహర్ భాయ్ ఠక్కర్ టైపింగ్ క్లాసులో చేరాను. మొదటిరోజే ఆయన నా అరచేతులు తిప్పి చూశాడు. "ఉప్పు పార పట్టే చేతులివి. నా మీటలు విరగ్గొట్టకు." గది గదంతా నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. మీటల మీద అట్టపెట్టె బోర్లించేవాడు, చేతులు లోపల, కళ్ళు బయట, తప్పు కొడితే శబ్దాన్ని బట్టే పట్టుకునేవాడు. గుజరాతీలో హ్రస్వ ఇకారం అక్షరానికి ఎడమ పక్కన నిలబడుతుంది కాబట్టి ముందు దాన్ని కొట్టి తర్వాత అక్షరం కొట్టాలి. కొత్త పద్ధతిలో అక్షరం ముందు, ఇకారం తర్వాత, తెర దానంతట అదే సర్దుకుంటుంది. నాకు ఎవరూ సర్దక్కర్లేదు. కంటికి ఎలా కనిపిస్తుందో వేలు అలా నడవాలి, అదీ రాయడమంటే. ఏడు నెలల్లో ఆ గదిలో అందరికన్నా వేగం నాదే అయింది, ఆయన నోరు తెరిచి మెచ్చుకోలేదు, అట్టపెట్టె తీసేసి, "నీకిక ఇది అక్కర్లేదు," అన్నాడు. అదే మెప్పు.

ఆ మనిషితోనే పదకొండేళ్ళు మాట్లాడలేదు. ఆయన కొత్త పద్ధతికి మారాడు, మారితే మారాడు, అచ్చుపనివాళ్ళందరూ కలిసిన భోజనాల దగ్గర, వడ్డించేవాళ్ళు కూడా వింటుండగా, "మా జశు ఇంకా శవానికి స్నానం చేయిస్తోంది," అన్నాడు. నేను విస్తరి ముందు నుంచి లేచి, "మీరు నేర్పిన విద్యే అది, శవమైతే చంపింది మీరే," అని వచ్చేశాను. తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చిందని తెలిసింది. వెళ్ళలేదు. వెళ్ళాలని చెప్పులు వేసుకున్నాను, గుమ్మం దాకా వచ్చి విప్పేశాను. ఇవాళ పొద్దున ఫోన్ చేశాను.

"ఎవరు?"

"జశుని."

వెనక ప్రెషర్ కుక్కర్ కూత ఒకటి.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను. మీరు?"

"సగం."

"నాలుగింటికి తాలూకా కచేరీకి రావాలి మీరు. రణ్ జాబితా. పాత ఫాంటు. చదవాలి."

"కళ్ళు పోయాయే నాకు," అని పెట్టేశాడు.

వస్తాడో రాడో చెప్పలేదు. రాకపోతే? రాకపోతే నేనే చదువుతాను. నేను చదివితే ఎవరు నమ్ముతారు, కొట్టింది నేనే, గుర్తున్నది చెబుతున్నానంటారు. గుర్తుంది కూడా, ఎందుకు అబద్ధం, పందొమ్మిది రోజులు కొట్టాను ఆ జాబితా. రణ్‌లో ఎవరెవరు పనిచేస్తున్నారో పేర్లివ్వండి అని నోటీసు వచ్చింది, భూకంపానికి ముందు ఏడు, అందరూ మడులకు బయల్దేరే రోజులు, నా కొట్టు ముందు ఒంటెబళ్ళు, ట్రాక్టర్లు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు. పేరు, తండ్రి పేరు, మడి ఏ వైపు, ఎన్నేళ్ళుగా, భార్య వచ్చి రాయిస్తే ఆమె పేరూ. ఏడుగురు జేసంగ్‌లు, పదకొండు మంది హమీర్‌లు. మా నాన్న వరసలో నిలబడితే రెండువందల ఆరో నంబరు వచ్చింది. "కూతురు కొడుతుంటే నాకు రెండొందల ఆరా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మొదట పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. వరస అంటే వరసే. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఆ తెర మీద రెండువందల ఆరు దగ్గర ఇంకా నిలబడే ఉన్నాడు, చదవడానికి వీలుగా లేడట.

"రొట్టె తింటావా?" అని పక్కన కూర్చున్న పెద్దావిడ రళియాత్ బా మూట విప్పింది. సజ్జరొట్టె, ఎర్రటి వెల్లుల్లి పచ్చడి. తెల్లవారుజామున ఊళ్ళో బస్సెక్కి వచ్చింది, డెబ్బై దాటాయి, వద్దన్నా వచ్చింది. నలుగురైదుగురు మగవాళ్ళు బయట వేపచెట్టు కింద బీడీలు కాలుస్తున్నారు, లోపలికి రావడానికి వాళ్ళకి జంకు, ఈవిడకి లేదు.

"మాది ఉంది కదే అందులో?"

"నూట పదిహేడు, బా."

"ఉంటే చాలు. దసరా అయ్యాక మావాడు మడికి వెళ్తే అడవిశాఖ గార్డులు ఆపకూడదు, అంతే నాకు కావలసింది. పోయినేడు పంపుసెట్టు దింపనివ్వలేదు." ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. "ఆ గుమస్తా నువ్వు రాసింది ఇంగ్లీషు అంటున్నాడటగా."

"ఆయనకి అలా కనిపిస్తోంది."

"మరి కళ్ళజోడు మార్చుకోమను," అని పచ్చడి వేలు నాకింది.

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉండగా లోపల గంట మోగింది, ప్యూను తలుపు సందులోంచి నా పేరు పిలిచాడు. వరండా చివరి దాకా చూశాను. మనహర్ భాయ్ లేడు. వేలికంటిన పచ్చడి కొంగుకి తుడుచుకుని లేచాను.

తాలూకా సాహెబ్‌కి ముప్పై రెండో మూడో ఉంటాయి, బల్ల మీద కాగితాలన్నీ అంచులు కలిపి పెట్టుకున్నాడు. ఈ సాయంత్రంతో పాత జాబితాలు తేల్చే గడువు అయిపోతుందని ఆయనే చెప్పాడు, సంతకం పెడితే కొత్త దరఖాస్తులకి వీలైనంత సాయం చేస్తానన్నాడు. నేను కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఇందులో అబద్ధం ఉంది సాహెబ్. చదవడానికి వీలవుతుంది. నేను చదువుతాను."

"ఇది ఎవరూ చదవలేరమ్మా."

"మీకు ఇష్టమొచ్చిన చోట ఆపండి."

ఆయన పరేశ్ భాయ్ వైపు చూశాడు. తర్వాత, కుతూహలం అనుకుంటాను, కుర్రవాడు కదా, మౌస్ తిప్పి తిప్పి ఆపాడు. నూట పదకొండు నుంచి నూట ఇరవై. నేను చదివాను. పేరు, తండ్రి పేరు, మడి, ఏళ్ళు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు కాదు, గొడవకి దిగినట్టు చదువుతున్నాను, ఒక్కో పేరూ ఆ బల్ల మీద పెట్టి కొడుతున్నట్టు. సాహెబ్ తెల్లకాగితం మీద రాసుకున్నాడు, పదీ రాశాక కలం మూత పెట్టాడు.

"బాగానే ఉంది సార్, కానీ," పరేశ్ భాయ్ గొంతు సవరించుకున్నాడు, "ఆవిడ కొట్టిందే కదా, ఆవిడకి నోటికొచ్చు. ఏమైనా చెప్పొచ్చు."

న్యాయమైన మాటే. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే అంటాను. "ఇంకొకరు ఉన్నారు," అన్నాను, ఉన్నారో లేదో తెలియకుండానే. "నేను చదివింది ఆయన వినకూడదు. అదే చోటు ఆయన చదవాలి. రెండూ కలిస్తే రాసుకోండి."

"ఎక్కడున్నారు?"

తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. గడియారం నాలుగూ ఇరవై. ఒక నిమిషం, రెండు నిమిషాలు, సాహెబ్ ఇంకో ఫైలు తీసుకోబోతున్నాడు. అప్పుడు వరండాలో కర్ర చప్పుడు, కర్ర, కాలు ఈడ్చుకునే చప్పుడు, మళ్ళీ కర్ర. ప్యూను భుజం పట్టుకుని వచ్చాడు మనహర్ భాయ్. ఎంత చిన్నవాడైపోయాడు. కుడిచేయి చొక్కా జేబులో దోపుకున్నాడు, అది ఎవరిదో అక్కడ పెట్టమంటే పెట్టినట్టు ఉంది. కళ్ళ మీద తెల్లటి పొర.

"చదవడానికి పిలిచారట," అన్నాడు గోడకేసి చూస్తూ.

"మీకు తెర కనిపిస్తుందా, కాకా?" అన్నాడు సాహెబ్.

"తెరే కాదు, నువ్వూ కనిపించవు నాన్నా. నువ్వు చదువు."

"నాకు రాదుగా."

"ఇంగ్లీషు అక్షరాలు వచ్చా? వస్తే చాలు. ఒక్కొక్కటే పైకి చెప్పు."

నన్ను కిటికీ దగ్గర నిలబడమన్నారు, నోరు విప్పకూడదు. సాహెబ్ నూట పదకొండు నుంచి మొదలుపెట్టాడు, ఎస్, ఎఫ్, అంకె, బ్రాకెట్టు, ఎడమవైపుదా కుడివైపుదా అని మనహర్ భాయ్ గద్దిస్తే సరిచేసుకుంటూ. మనహర్ భాయ్ ఎడమచేయి బల్ల మీద పరిచాడు. అక్షరం చెప్పగానే వేలు దిగేది. కుడిచేతి మీట వచ్చినప్పుడు ఎడమచేయి నడుచుకుంటూ కుడివైపుకి వెళ్ళి, కొట్టి, మళ్ళీ తన చోటుకి వచ్చేది. చప్పుడు లేని బల్ల మీద ఆ ఒక్క చేయి అటూ ఇటూ పనిచేస్తూ ఉంటే, ఆయన పెదాలు వేళ్ళు చెప్పింది విని పలుకుతున్నాయి. కాన్‌జీ హమీర్. తూర్పు వైపు మడి. పద్నాలుగేళ్ళు. సాహెబ్ తన కాగితం చూసుకున్నాడు, టిక్కు పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు. పదకొండేళ్ళ కోపం కూడా పోలేదు, అది ఉన్నచోటే ఉంది, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. తప్పు కొట్టు, ఒక్కటైనా తప్పు కొట్టు చూద్దాం అనుకున్నాను. కొట్టలేదు. ఆరు టిక్కులు.

"నూట పదిహేడు," అన్నాడు సాహెబ్. "డి, ఎడమ బ్రాకెట్టు, మూడు, హెచ్, ఎల్."

"మేఘ్‌జీ," అన్నాడు మనహర్ భాయ్. "మేఘ్‌జీ సోమా. భార్య రళియాత్."

"కాదు," అంది ఎవరో.

తలుపు దగ్గర రళియాత్ బా. ఎప్పుడొచ్చిందో. "మేఘ్‌జీ ఎవరు? ఆయన పేరు మేఘ్‌జీ కాదు."

పరేశ్ భాయ్ కుర్చీలోంచి సగం లేచాడు. "చూశారా సార్, చూశారా, నేను చెప్పాను కదా, ఇదంతా ఊహ..."

ఇరవై ఏళ్ళ కిందటి నా కొట్టు, కిటికీ, చంకలో మనవడితో రళియాత్. మీ ఆయన పేరు? కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావాళ్ళలో పెనిమిటి పేరు ఆడది పలకదు. సైగ చేయమన్నాను. ఆకాశం వైపు చూపించింది, మబ్బు వైపు, నేను వెనక వరస చూసి విసుగ్గా, మేఘ్‌జీయేనా అని అడిగానో లేదో కూడా గుర్తులేదు, కొట్టేశాను. ఆమెకి చదువు రాదు. ఇరవై ఏళ్ళు ఆమె నమ్మిన నూట పదిహేడులో వేరే మనిషి కూర్చున్నాడు, కూర్చోబెట్టింది నేను. ఫాంటు కాదు. యంత్రం కాదు. ఈ కచేరీ కూడా కాదు.

"తప్పు నాది," అన్నాను. కిటికీ దగ్గర్నుంచి బల్ల దగ్గరికి వచ్చేశాను, నోరు విప్పొద్దన్న మాట మరిచిపోయి. "నేనే సైగని తప్పుగా అర్థం చేసుకుని తప్పుగా కొట్టాను. రాసుకోండి సాహెబ్, నా పేరుతో సహా రాసుకోండి. కానీ ఒక్కటి చెప్పండి. ఆయనకి మేఘ్‌జీ అనే ఎందుకు వినిపించింది? నేను మేఘ్‌జీ అనే కొట్టాను కాబట్టి. చదవడానికి వీలుకాని దాంట్లో తప్పు ఎలా దొరుకుతుంది పరేశ్ భాయ్? తప్పు దొరికిందంటే చదివినట్టే కదా!"

మనహర్ భాయ్ చేయి బల్ల మీద అలాగే ఉంది. సాహెబ్ తన కాగితం, తెర, మళ్ళీ కాగితం చూశాడు. ఆ తర్వాత నేను సంతకం పెట్టని కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, కొత్తది తీసుకుని రాయడం మొదలుపెట్టాడు, రాస్తూ పైకే చదివాడు. ఇద్దరు టైపిస్టులు విడివిడిగా చదవగా ఒకే విధంగా వచ్చినందున, సదరు జాబితా చదవదగినదిగా, గడువులోగా దాఖలైనదిగా పరిగణించడమైనది. జాబితా మొత్తాన్ని వీరు చదవగా కొత్త లిపిలో ఎక్కించవలెను. నూట పదిహేడో నంబరులో సవరణ. అక్కడ కలం ఆపి తలెత్తాడు.

"సవరణ ఆవిడే చెప్పాలి. ఏం పేరమ్మా, మీ ఆయనది?"

రళియాత్ బా నేలకేసి చూసింది. నా నాలుక చివరి దాకా వచ్చింది, బయట మగవాళ్ళని పిలవండి వాళ్ళు చెబుతారు అని. పిలిస్తే సరిపోయేది కూడా. ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు, నువ్వు ఒకసారి చెప్పింది చాల్లే అన్నట్టుంది. కొంగు తల మీదికి ఇంకాస్త లాక్కుని, సాహెబ్ బల్ల దాకా వచ్చి, అంచు పట్టుకుంది.

"వర్‌సంగ్," అంది. మొదటిసారి సాహెబ్‌కి కూడా వినపడలేదు. "వర్‌సంగ్ సోమా. రాసుకో. వర్‌సంగ్." మూడోసారి వరండా దాకా వినిపించింది, వేపచెట్టు కింది వాళ్ళు లేచి నిలబడటం కిటికీలోంచి కనిపించింది. వర్‌సాద్ అంటే వాన, వానలా కురిసే పేరు. నేను మబ్బు దగ్గరే ఆగిపోయాను.

సాహెబ్ రాశాడు. ముద్ర వేశాడు. ఆవిడ అక్కడే కుర్చీ లాక్కుని, సాహెబ్ ఎదుటి కుర్చీ, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది.

"నూట పదిహేడుకి నీకు మార్కులు కోస్తున్నా," అన్నాడు మనహర్ భాయ్ గోడతో.

"కోయండి. మీ ఇంటికొచ్చి అడుగుతాను, ఎన్ని కోశారో."

"రా. టీలో పంచదార ఉండదు, ఇప్పుడే చెప్తున్నా."

అయిదూ పది. పరేశ్ భాయ్ బల్ల సొరుగు మూసి, బ్యాగు భుజానికి తగిలించుకుంటున్నాడు. "సోమవారం మొదలుపెడదాం జశుబెన్, ఆర్డరు వచ్చేసిందిగా."

"ఆఫీసు ఆరింటిదాకా కదా," అన్నాను. ఆయన పక్కకి ఇంకో కుర్చీ జరుపుకున్నాను. ప్యూనుని పిలిచి లైటు వేయమన్నాను, వేశాడు. పరేశ్ భాయ్ సాహెబ్ వైపు చూశాడు, సాహెబ్ ఫైలులోంచి తలెత్తలేదు. బ్యాగు దిగింది. కొత్త పద్ధతి మీటల మీద ఆయన రెండు చూపుడువేళ్ళు మాత్రం నిలబెట్టుకుని కూర్చున్నాడు. మనహర్ భాయ్‌కి కనిపించి ఉంటే ఏమనేవాడో.

"ఒకటి," అన్నాను. "భీఖా జేసంగ్."

ఆయన వేలు భ కోసం వెతుక్కుంటూ మీటల మీద తిరిగింది. ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పలేదు. దొరికేదాకా ఆగి, ఆ తర్వాత రెండోది చదివాను.